సగం మాటల చిలుక

పిల్లలూ, కాస్త దగ్గరికి జరగండి. చాలా చాలా కాలం కిందట ఒక రాజుండేవాడు. ఒక్కడే ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఇంకో రాజు కూడా ఉన్నాడు.

తూర్పు తీరాన కాంచనదుర్గం, దానికి రాజు భద్రసేనుడు. పడమటి తీరాన ముత్యాలరేవు, దానికి రాజు నాగవర్మ. మధ్యలో సముద్రం. ఇద్దరికీ వెయ్యేసి ఓడలు, లక్షేసి సైనికులు. భూమ్మీద ఉన్న చిన్న రాజ్యాలన్నీ పొద్దున్నే లేచి, ఈ ఇద్దరిలో ఎవరి ముఖం ఎర్రగా ఉందో చూసుకుని గానీ పొలానికి వెళ్ళేవి కావు.

అయినా తరతరాలుగా యుద్ధం లేదు. ఎందుకంటే వాళ్ళకో ఆచారం ఉంది. కాంచనదుర్గం రాజుకు వండిపెట్టేది ముత్యాలరేవు మనిషి. ముత్యాలరేవు రాజుకు వండిపెట్టేది కాంచనదుర్గం మనిషి. వండినది ముందుగా ఎవరిచేతా రుచి చూపించకూడదు. పళ్ళెం ముందుకు రాగానే తొలిముద్ద రాజే తినాలి. ఆ ఒక్క ముద్ద మీదే లోకం నిలబడింది.

భద్రసేనుడికి ముగ్గురు కొడుకులు. మూడోవాడు కువలయుడు. వాడు పుట్టగానే తల్లి పోతే, ముత్యాలరేవు నుంచి వచ్చిన వంటామె అచ్చమ్మ ఎత్తుకుని పెంచింది. పొయ్యి దగ్గరే పాకాడు, పొయ్యి దగ్గరే అక్షరాలు నేర్చాడు. ఆ తర్వాత కోటలో ఉన్న తాళపత్రాలన్నీ చదివేశాడు. చదివినదాన్ని మెట్లమీద నిలబడి అరిచేవాడు.

"గోడలు కూలాలి! మనుషులంతా ఒకే పొయ్యి చుట్టూ కూర్చోవాలి!"

"ముందు నువ్వొచ్చి ఈ పొయ్యి ఊదు బుల్లిరాజా, పొగ నాకొక్కదానికేనా?" అనేది అచ్చమ్మ.

ఇలా ఉండగా కరాళనాథుడనే మాంత్రికుడు వచ్చాడు. ఒక రాజుకు తెలియకుండా ఇంకో రాజు దగ్గరికి వెళ్ళి, ఇద్దరికీ చెరొక పచ్చటి ఈక ఇచ్చాడు. "ఇది చెవి దగ్గర పెట్టుకోండి మహారాజా. అవతలివాడు మీ గురించి ఏమంటున్నాడో వినిపిస్తుంది."

భద్రసేనుడు ఈక చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాగవర్మ గొంతు వినిపించింది. "వాళ్ళ కోట తగలబెడతాను."

ఆ పూట భోజనానికి కూర్చున్నప్పుడు రాజు చెయ్యి ఆగిపోయింది. తొలిముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా, పక్కనున్న పిల్లికి వేశాడు.

పిల్లి చావలేదు. శుభ్రంగా తిని మూతి తుడుచుకుంది. కానీ అచ్చమ్మ అది చూసింది. గరిటె కింద పెట్టింది. "ముప్పై ఏళ్ళు వండాను" అంది. అదే పూట అవతలి తీరంలో నాగవర్మ కూడా తొలిముద్ద కుక్కకు వేశాడు. రెండు వంటిళ్ళలో పొయ్యి ఆరింది. రెండు రేవుల్లో ఓడలు కదిలాయి. పున్నమినాడు అచ్చమ్మను ఓడ కొయ్యకు కట్టి, ఆమె తల నరికి యుద్ధం మొదలుపెట్టాలని భద్రసేనుడు చాటించాడు. తన వంటవాడు సోమన్నను అలాగే చేస్తానని నాగవర్మా చాటించాడు.

పెద్దకొడుకు "మనమే ముందు కొట్టాలి" అన్నాడు. రెండోవాడు "గోడ ఇంకో మూడు నిలువులు లేపాలి" అన్నాడు. కువలయుడు మెట్లెక్కి "రాజుల అనుమానానికి పేదల తలలు తెగకూడదు!" అని అరిచాడు. ఎవరూ వినలేదు. అరిచి అరిచి వంటింట్లోకి వెళ్ళి, చల్లారిన పొయ్యి పక్కన కూర్చుని ఏడ్చాడు.

"విషమేం లేదు" అంది పిల్లి. "ఉప్పే కాస్త తక్కువైంది."

కువలయుడు తలెత్తాడు. "నువ్వు మాట్లాడతావా?"

"నీ అంత గట్టిగా మాట్లాడను. విను. మీ నాన్న చెవికి వినిపించనిది నా చెవికి వినిపించింది. ఏడు సముద్రాల అవతల ఒక చిలుక ఉంది. రెండు కోటల్లో మాటలూ అది వింటుంది. ఆ మాంత్రికుడు దాని మాట సగం కొరికేసి, మిగతా సగం ఈకలోంచి పంపిస్తున్నాడు. కొరికిన సగాలన్నీ చిలుకలోనే దాచాడు. వాడి ప్రాణం అదే."

చెరలో ఉన్న అచ్చమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ఆమె నవ్వింది. "వెళ్ళిరా నాయనా. అటకమీద పులిహోర పులుసు ఉంది, అన్నంలో కలిపి ముద్దలు కట్టుకో. దారిలో ఎవరు కనబడినా ముందు పెట్టు, తర్వాత మాట్లాడు."

అలాగే కట్టుకుని, పిల్లిని చంకన పెట్టుకుని బయలుదేరాడు. దారిలో వలలో చిక్కిన ఎలుక కనిపించింది. వల విప్పి, ముద్ద పెట్టాడు. "నేనూ వస్తాను. కానీ ఆ పిల్లి?" అంది ఎలుక. "నేను పులిహోరకే అలవాటుపడ్డాను" అంది పిల్లి, పక్కకు చూస్తూ. తీరాన ఆకలితో ఉన్న ముసలి మొసలి కనిపించింది. దానికీ ముద్ద పెట్టాడు.

"నా వీపెక్కు, ఏడు సముద్రాలూ దాటిస్తాను" అంది మొసలి.

కువలయుడు దాని పళ్ళకేసి చూశాడు. కాలు కదల్లేదు.

"నమ్మకం గురించి మెట్లమీద అంత అరిచావట?" అంది మొసలి.

కువలయుడు కళ్ళు మూసుకుని ఎక్కాడు. ఉప్పు సముద్రం దాటారు, చెరకుపాల సముద్రం దాటారు, అలా ఒక్కొక్కటే దాటి ఏడో సముద్రంలో చిలుక దీవి చేరారు. అక్కడో రాతి మేడ, దానికి మూడు తలుపులు. మొదటి తలుపును మొసలి తోకతో బద్దలుకొట్టింది. రెండో తలుపుకు కట్టిన తాళ్ళను ఎలుక కొరికేసింది. మూడో తలుపు ముందు ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఆమె పడవ రాళ్ళకు తగిలి ముక్కలై ఒడ్డున పడుంది.

"వెనకవైపు గోడెక్కి దూకాను. ఈ తలుపు మాత్రం తెరుచుకోవడం లేదు" అందామె. "నేను మందారవల్లిని. నాగవర్మ కూతుర్ని. చిలుక సంగతి మా కుక్క చెప్పింది. కత్తి దూసే పనుంటే త్వరగా దూయి. సోమన్న తాతను పున్నమికి చంపేస్తారు, నాకు తీరిక లేదు."

"మా అచ్చమ్మత్తను కూడా" అన్నాడు కువలయుడు.

తలుపుమీద చెక్కి ఉంది: రెండు తీరాలవాళ్ళు ఒకరి చేతి ముద్ద ఒకరు తింటే తెరుచుకుంటాను. అలాంటి ఇద్దరు ఎప్పటికీ రారని మాంత్రికుడి ధీమా. కువలయుడు మిగిలిన ముద్ద తీశాడు. మందారవల్లి కొంగుముడి విప్పి సున్నుండ తీసింది. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. రుచి చూడమని పిల్లికి ఎవరూ ఇవ్వలేదు. తిన్నారు. తలుపు తెరుచుకుంది.

లోపల ఇనుప పంజరం, అందులో ఈకలు పీకేసిన చిలుక. కువలయుడు ఆవేశంగా దాని మెడ పట్టుకున్నాడు.

"నులిమితే వాడు చస్తాడు" అంది చిలుక. "వాడితోపాటు ఆ మిగతా సగం మాటలూ పోతాయి. అప్పుడు మీ నాన్నలకు ఎవరు చెబుతారు? నన్ను ఇద్దరి ముందూ నోరు విప్పనివ్వండి. చాలు."

కువలయుడు చెయ్యి తీసేశాడు. సిగ్గుపడ్డాడు కూడా. పంజరంతో అందరూ ఒడ్డుకు వచ్చేసరికి పున్నమినాటి పొద్దు పొడిచింది.

"నా వీపుమీద ఒక్కళ్ళే" అంది మొసలి. "ఇద్దరైతే సుడుల్లో మునుగుతాం."

మందారవల్లి చెయ్యి చాచలేదు. అడగనూ లేదు. కువలయుడికి మాత్రం ఎన్నో ఆలోచనలు. ఈమె తిన్నగా తన తీరానికే వెళితే? సోమన్నను విడిపించుకుని, చిలుకను వాళ్ళ నాన్నకే ఇస్తే? ఇక్కడ అచ్చమ్మత్త తల... పంజరం పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి. అచ్చం నాన్న చెయ్యి ఆగినట్టే తన చెయ్యీ ఆగిందని అప్పుడు తెలిసింది.

"సుడులు నీకు తెలుసు, రేవు పిల్లవి" అన్నాడు. "నువ్వెళ్ళు." పంజరం ఇచ్చేశాడు.

మొసలి వెళ్ళిపోగానే, పొగలోంచి కరాళనాథుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. "అయ్యో, చదువుకున్నవాడివి. శత్రువు కూతురి చేతిలో పెడతావా? ఇప్పటికి అచ్చమ్మ తల నీళ్ళలో పడి ఉంటుంది."

"పడదు" అన్నాడు కువలయుడు.

"ఆ పిల్ల నవ్వుకుంటూ ఉంటుంది."

"సున్నుండ పెట్టేటప్పుడు తన చెయ్యీ వణికింది. నేను చూశాను."

అక్కడ నడిసముద్రంలో రెండు నౌకాదళాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. మొసలిమీద వస్తున్న మందారవల్లికి కుడివైపు తండ్రి ఓడ, దానిమీద సోమన్న. ఎడమవైపు భద్రసేనుడి ఓడ, దానిమీద అచ్చమ్మ. రెండు కత్తులూ లేచాయి. ఆమె ఎడమకు తిరిగింది. శత్రువు ఓడ ఎక్కి, అచ్చమ్మకు అడ్డంగా నిలబడి పంజరం తెరిచింది. ఇక్కడ సోమన్న తల తెగితే అక్కడ తన కూతురి తలా తెగుతుందని చూసిన నాగవర్మ, సోమన్న మీదున్న కత్తిని తనే దించాడు.

చిలుక రెండు దళాలకూ వినబడేలా నాగవర్మ గొంతుతో పలికింది. "నా ఓడలు ఎవరైనా తగలబెడితే వాళ్ళ కోట తగలబెడతాను. అయినా భద్రసేనుడు ఆ పనెందుకు చేస్తాడు? మా అచ్చమ్మ చేతి ముద్ద తిన్నవాడు." తర్వాత భద్రసేనుడి గొంతుతో అలాంటివే పలికింది. దాచిన సగాలన్నీ బయటికొచ్చేశాయి. ఇద్దరు రాజులూ తలలు వంచుకున్నారు.

దీవిలో కరాళనాథుడు వేలెత్తి అంటున్నాడు. "చూస్తూ ఉండు, ఆ పిల్ల నిన్ను..."

మాట సగంలో తెగింది. పక్కన ఎవరూ లేరు. పిల్లి వచ్చి ఆ చోటు వాసన చూసి తుమ్మింది.

కాసేపటికి మొసలి వచ్చింది. "మీ అత్త పొయ్యి వెలిగించిందట. కట్టెలు తడిగా ఉన్నాయి, ఊదేవాడు కావాలంది."

రెండు తీరాలూ కలిసి కువలయుడికీ మందారవల్లికీ పెళ్ళి చేశాయి. ఒక్క పంక్తిలో కూర్చున్న ఇద్దరు రాజులకూ అచ్చమ్మా సోమన్నా వడ్డించారు. తొలిముద్ద చేతికెత్తుకున్న భద్రసేనుడి పక్కకు పిల్లి ఆశగా జరిగింది. రాజు దానికేసి చూశాడు. అచ్చమ్మకేసి చూశాడు. ముద్ద తన నోట్లోనే పెట్టుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"నాకు తెలుసు" అంది పిల్లి. ఎవరికీ వినబడలేదు, కువలయుడికి తప్ప.

ఆ తర్వాత కువలయుడూ మందారవల్లీ జుట్లు నెరిసేదాకా రెండు తీరాలనూ ఏలారు. మెట్లమీద అరవడం వాడు మానలేదు గానీ, ముందు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఊది వచ్చి మరీ అరిచేవాడు. వాళ్ళ ఏలుబడిలో ఏ పిల్లికీ తొలిముద్ద దొరకలేదు. ఇక లేవండి, అన్నాలు చల్లారిపోతున్నాయి.