అరుగుతో సహా చేపల బజారుకి

ఊళ్ళో ఎవరింట్లోనైనా ఉప్పు నిండుకుంటుంది, పప్పు నిండుకుంటుంది. మా వీధి చివర పెచ్చెట్టి వారింట్లో తెలివి మాత్రం ఎన్నడూ నిండుకోలేదట. ఈ మాట చెప్పింది మరెవరో కాదు, వాళ్ళే.

"మనకున్న బుర్రలో సగం ఉన్నా ఈ ఊరు ఎక్కడో ఉండేదిరా" అంటుంది చిన్నబుల్లి అత్త.

"ఎక్కడుండేదత్తా?" అంటాడు పెద్ద మేనల్లుడు అబ్బులు.

"కాలవ అవతల ఉండేదేమో" అంటాడు చిన్నవాడు తాతారావు.

ఆ అత్తకి మోకాళ్ళు పట్టేసి చాన్నాళ్ళుగా గడప దాటలేదు. నడక పోయిందని ఆవిడకి పెద్ద దిగుల్లేదు. చేపల బజారు పోయిందనే దిగులు. "చేప కళ్ళు చూసి కొనండిరా" అని చెప్పి పంపితే, కళ్ళు చక్కగా ఉన్నాయని అబ్బులు ఒక కుళ్ళిన చేప తెచ్చాడు. అది ఉడుకుతుంటే వీధి వీధంతా కిటికీలు మూసుకుంది. "చచ్చేలోగా ఒక్కసారి నా చేత్తో మొప్పలెత్తి చూసి, మంచి పండుగప్ప కొనుక్కోవాలిరా" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పాపం, మేనల్లుళ్ళ గుండె నిజంగానే కరిగింది. డాక్టరుగారి షెడ్డులో మూలపడి ఉన్న కరెంటు బండిని అడిగి తెచ్చారు. నడవలేనివాళ్ళు కూర్చుని తోలుకునే నాలుగు చక్రాల బండి. ముందు బుట్ట, చేతి దగ్గర మీట, వెనక ఎర్ర దీపం. అన్నీ ఉన్నాయి, కదలదు. అంతే.

మెకానిక్ కాశీం ఫోన్లో "బ్యాటరీలు పోయుంటాయి, విప్పి పట్రండి" అన్నాడు. విప్పి పట్టుకెళ్ళారు. కొత్తవి చేతికిచ్చి, "ఎలా విప్పారో అచ్చం అలాగే బిగించండి. ఏదీ మారకూడదు" అన్నాడు. ఇంకేముంది! అన్నదమ్ములిద్దరూ ఇంటికొచ్చి బుర్రలకి పదును పెట్టారు.

"అన్నయ్యా, మనం విప్పినప్పుడు పొయ్యి మీద పప్పు మాడింది కదా?"

"మాడింది. అత్త తిట్టింది కూడా."

"కరెంటు పోయింది."

"నువ్వు తుమ్మావు."

అంతే. పొయ్యి మీద పప్పు పెట్టి, మాడేదాకా కాపలా కాశారు. కరెంటు మెయిన్ స్విచ్ ఆపేశారు. తాతారావు అత్త పొడుం డబ్బా తెరిచి ఇంత పీల్చి తుమ్మాడు. అత్త మాత్రం ఇబ్బంది పడింది. "ఉత్తిపుణ్యానికి ఎలా తిట్టనురా? కోపం రావద్దూ?" అంది. అంతలో మాడిన గిన్నె చూసింది. తిట్లు వాటంతటవే వచ్చాయి. ఆ తిట్ల మధ్యే చివరి మర బిగిసింది. మీట నొక్కితే బండి జుయ్యిమని కదిలింది!

అత్త ఎక్కి కూర్చుని మొహం చిట్లించింది. "ఈ సీటు ఇరుకురా. నాకు మన అరుగు మీద కూర్చున్నట్టుండాలి."

"కూర్చున్నట్టు ఎందుకత్తా, అరుగు మీదే కూర్చుందువు గాని" అని అబ్బులు గునపం తెచ్చాడు. సీటు పీకేశారు. వీధరుగు మీది నల్లరాతి పలకని పెకలించి, ఆ చోట పెట్టి మోకులతో కట్టారు. బండి కీచుమని కిందికి కుంగింది.

"చూశావా, నువ్వెక్కడానికి వీలుగా వంగింది. మర్యాద తెలిసిన బండి" అన్నాడు తాతారావు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ బజారుకి బయల్దేరారు. దారిలో కాశీం ఎదురయ్యాడు. రాయిని చూసి, దాని మోకులు ఓసారి లాగి చూశాడు. చివరికి, "అమ్మగారూ, మీట నొక్కినంతసేపే బండి పోద్ది. చెయ్యి తీస్తే ఆగిపోద్ది. జాగ్రత్తండీ" అన్నాడు.

అత్త మీటని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆగిపోవడమే కదా ఈ బండికున్న రోగం! ఆగిపోయే కదా షెడ్డులో పడుంది! "ఒరేయ్, ప్రాణం పోయినా నేను చెయ్యి తియ్యనురా" అంది.

ఇంకేముంది, బజారొచ్చింది, బండి ఆగలేదు. చేపలమ్మే నూకాలమ్మ తట్టలో పండుగప్ప తళతళలాడుతోంది. అత్త ఆ తట్ట చుట్టూ తిరగడం మొదలెట్టింది.

"నూకాలమ్మా, అదెంత?" అని అడిగింది. నూకాలమ్మ ధర చెప్పేసరికి అత్త వీపు కనిపిస్తోంది. మళ్ళీ మొహం ఇటు తిరిగాక, "అంతా?!" అని కసిరి, అందులో సగానికి అడిగి, మళ్ళీ వెళ్ళిపోయింది. తాతారావు ముందు పరుగెడుతూ పీతల బుట్టలు పక్కకి లాగుతున్నాడు. అబ్బులు చేపని పసిపిల్లలా ఎత్తుకుని బండి పక్కనే పరుగెడుతున్నాడు. అత్త ఒక చెయ్యి మీట మీదే ఉంచి, రెండో చేత్తో మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉంది! ఆవిడ సంతోషం అంతా ఇంతా కాదు.

నూకాలమ్మకి కళ్ళు తిరిగాయి. "తల్లీ, నీకు దణ్ణవెడతా. నువ్వన్న రేటుకే తీస్కో. ముందు ఆ తిరగడం ఆపు!"

"ఆపితే ఆగిపోద్దే!" అంది అత్త.

చేప బుట్టలో పడింది. కానీ అంత రాతి బరువుని బ్యాటరీ ఎంతసేపని లాగుతుంది? బజారు నడిమధ్యలో బండి నిలబడిపోయింది. అత్త ఇంకా నొక్కుతూనే ఉంది.

ఐసు పెట్టెలు దింపి ఖాళీగా పోతున్న సామాన్ల ఆటోని పిలిచారు. నలుగురూ సాయం పట్టి, రాయితో సహా బండిని వెనక ఎక్కించారు. "అమ్మగారూ, మీరు ముందు నా పక్కన కూచోండి" అన్నాడు డ్రైవరు.

"నాకు బండి లేకనా, నీ ఆటోలో కూర్చోడం?" అంది అత్త.

అంతే. మేనల్లుళ్ళు ఆవిడని ఎత్తి, ఆటో మీదున్న బండి మీదున్న అరుగు మీద కూర్చోబెట్టారు. చేప ఒళ్ళో, చెయ్యి మీట మీద. ఆటో కదిలింది. "ఒరేయ్, పోతోందిరా!" అని అత్త కేక పెట్టింది. వంతెన ఎక్కేటప్పుడు మీట గట్టిగా నొక్కింది, దిగేటప్పుడు మెల్లగా నొక్కింది. మేనల్లుళ్ళు చప్పట్లు కొడుతూ వెనకే పరుగెత్తారు. ఇంటి ముందు ఆటో ఆగాక, "ఎక్కడ ఆగాలో కూడా దానికే తెలుసురా" అని అత్త మురిసిపోయింది.

ఆ పూట పులుసు అద్భుతం. నేనూ ఓ ముక్క తిన్నాను కాబట్టే చెబుతున్నాను. తింటూ తింటూ అబ్బులు ముద్ద నోటి దగ్గరే ఆపి, "అత్తా, బండికి జబ్బేంటో ఇప్పుడు తెలిసింది" అన్నాడు.

ఇంకేముంది! చెయ్యి కడుక్కోగానే అన్నదమ్ములిద్దరూ కొత్త బ్యాటరీలు విప్పి, కాశీం బల్ల మీద పెట్టారు.

"ఇయ్యి మాకొద్దు. ఈటి బదులు బండి కిందకి సరిపడా ఆటో ఉంటే ఇవ్వు. మేమే బిగించుకుంటాం."