ధాన్యపు పాతరలో పిలుపు

పిల్లలూ, ఏడు సముద్రాలకు ఇవతల, మూడు కొండల నడుమ గంధపురి అనే రాజ్యం ఉండేదట. దాన్నేలే నీలకేతుడికి ముప్ఫై ఏళ్లైనా నిండకుండానే విషజ్వరం వచ్చింది. మూడు రోజుల్లో కన్నుమూశాడు.

అతని భార్య హేమలేఖ అన్నం మానేసింది. ఎవరితోనూ మాట్లాడక, ఒంటరిగా భర్త సంగతులే చెప్పుకుంటూ ఏడ్చేది. "తిను తల్లీ, పోయింది నా కొడుకే కదా" అని అత్తగారు విజయాంబ ముద్ద కలిపి పెట్టినా ముట్టలేదు.

పదిహేనో రోజు మధ్యాహ్నం కోట వెనక పాడుబడిన ధాన్యపు పాతరలోంచి "హేమా!" అని భర్త గొంతు వినిపించింది. మూత తీస్తే లోపలికి మెట్లున్నాయి. దిగింది, దిగింది, ఇంకా దిగింది.

కింద మరో గంధపురి ఉంది! అదే కోట, అవే వీధులు. కానీ ఏ పొయ్యిలోనూ పొగ లేదు, ఎవరికీ నీడ లేదు. సింహాసనం మీద నీలకేతుడు నవ్వుతూ, "వచ్చావా? ఇక వెళ్లకు" అన్నాడు. అతని చెయ్యి బావిరాయిలా చల్లగా ఉంది. అయినా హేమలేఖ అక్కడే ఉండిపోయింది.

రోజురోజుకీ ఆమె నీడ పలచబడింది. ఒకనాడు ఒక ముంగిస ఆమె కొంగు లాగింది.

"అమ్మా, ఇది కుంభదంతుడనే మాంత్రికుడి లోకం. ఏడ్చేవాళ్లను పిలిచి వాళ్ల నీడలు తిని బతుకుతాడు. ఆ మనిషి నీ భర్త కాడు. నువ్వు ఏడుస్తూ చెప్పుకున్న మాటలతో చేసిన బొమ్మ. కావాలంటే పాత సంగతులు అడిగి చూడు."

హేమలేఖ వెళ్లి అడిగింది. "ప్రభూ, మన పెళ్లినాడు ఏం జరిగింది?"

"వానకు పందిరి కూలింది."

"నాకిచ్చిన మొదటి కానుక?"

"దంతపు దువ్వెన."

ఆమెకు ఆశ పుట్టింది. అయినా మూడోది కూడా అడిగింది. "జ్వరం వచ్చిన రోజు పొద్దున ఎందుకు పోట్లాడుకున్నాం?"

"మనం పోట్లాడుకున్నామా? ఒక్కనాడూ లేదే!"

హేమలేఖ భోరున ఏడ్చింది. ఆ పొద్దున వేటకు వద్దంటే వినలేదని, "మీ మొహం చూడను, పొండి" అంది తను. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు, ఏడుపులో కూడా.

"మాంత్రికుడి ప్రాణం ఎక్కడుంది?" అని ముంగిసను అడిగింది.

"ఏడో గదిలో, పంజరంలో ఉన్న చిలకలో. ఈ బొమ్మలన్నిటి గొంతూ దానిదే."

ఏడో గదిలో సోమదత్తుడనే రాజకుమారుడు, పోయిన భార్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అతని నీడ వేలంత మిగిలింది.

"అయ్యా, మీరిద్దరూ ఎప్పుడైనా గొడవపడ్డారా?"

"రోజూ!"

"అయితే ఆవిడను అడగండి."

అడిగాడు. "ఒక్కనాడూ లేదు" అంది బొమ్మ తియ్యగా. అతను చెయ్యి వదిలేసి, కళ్లు తుడుచుకుని లేచాడు.

ఇంతలో కుంభదంతుడు కొండలా ఊగుతూ వచ్చాడు. సోమదత్తుడు తలుపుకు భుజం ఆనించి నిలబడ్డాడు. హేమలేఖ పంజరం తెరిచి చిలకను పట్టుకుంది.

"హేమా, నన్ను చంపుతావా?" అంది చిలక, నీలకేతుడి గొంతుతో.

ఆమె "ఆయన వెళ్లిపోయారు" అంటూ దాని మెడ విరిచేసింది.

మాంత్రికుడు కూలాడు. బొమ్మలు మట్టయ్యాయి. ఎవరి నీడ వాళ్ల కాళ్ల దగ్గరికొచ్చింది. అక్కడ చిక్కుకున్నవాళ్లంతా బిలబిలా మెట్లెక్కి ఎండలోకి వచ్చారు. విజయాంబ పరుగున వచ్చి కోడలిని హత్తుకుంది.

"అత్తయ్యా, ఆయన్ని 'మీ మొహం చూడను' అన్నాను!"

"తెలుసమ్మా. వాడే నాకు చెప్పి నవ్వాడు. 'సాయంత్రానికి తనే పిలుస్తుంది చూడమ్మా' అన్నాడు."

హేమలేఖ గుండె మీద బరువు దిగిపోయింది. ఏడుస్తూనే నవ్వింది.

మూడేళ్ల తర్వాత విజయాంబే కన్నతల్లిలా పీటల మీద కూర్చుని, హేమలేఖను సోమదత్తుడికిచ్చి పెళ్లి చేసింది. వాళ్లిద్దరూ నలభై ఏళ్లు గంధపురిని చల్లగా ఏలారు. ముగ్గురు మనవలు వీపెక్కి ఆడుతుంటే, విజయాంబకు ముసలితనం వచ్చిందన్న సంగతే తెలియలేదట!