దేవవ్వ అనని మాట

శ్రీశైలానికి వారం రోజులుగా నిద్ర లేదు. ఆదివారం పొద్దున్నే మా సారు ఇంటికొచ్చి, మేమంతా కూర్చుని ఉన్నామని కూడా చూడకుండా ఆయన కాళ్లమీద పడ్డాడు.

మా సారు నాంపల్లి దాసు. జనగామ పక్క ఊళ్లో ముప్పై ఏళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించి, రిటైరయ్యాక మాలాంటి మొద్దులకు అచల బోధ, అంటే కదలని పరతత్వం గురించిన పాఠం, చెప్పేవారు. శ్రీశైలం మాలో ఒకడు. దాచుకున్న డబ్బు ఎక్కడ పెడితే పెరుగుతుందో జనానికి సలహా చెప్పే ఆఫీసులో అతని ఉద్యోగం. మాలో సగం మందిమి అతను పెట్టమన్నచోటే పెట్టాం. ఒకే గురువు శిష్యులంటే అన్నదమ్ములే, అన్నో తమ్ముడో తెచ్చిన కాగితం చదివి చూస్తే అతన్ని అనుమానించినట్టేనని మావాళ్ల పిచ్చి. నేనూ చదవలేదు. నాదీ పోయింది. అందుకే ఇది చెప్పేటప్పుడు నా నోరు కాస్త చేదుగా ఉంటుంది, ఏమనుకోకండి.

"ఏమైంది?" అన్నారు సారు.

"ఎల్లుండి కోర్టుల విచారణ సారూ. ఆ బాండ్ల కంపెనీ బోర్డు తిప్పేసింది గదా. దేవవ్వ మా ఆఫీసు మీద ఫిర్యాదు పెట్టింది. ఆమె అన్నీ తెలిసే సంతకం పెట్టిందని మా ఆఫీసోళ్లంటున్నరు. నన్ను సాక్షిగ పిలిచిండ్రు. కాయితం మీద సంతకం ఉన్నది, నేను నోరు మూసుకుంటే సాలు, నా కొలువుకు ఢోకా లేదు. మరి మనసెందుకు కుదుటవడ్తలేదు? ఏదన్న మంత్రం చెప్పుండ్రి."

నాకు ఒళ్లు మండింది. దేవవ్వ సర్కారు దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. కూతురు మంజులకు చిన్నప్పుడే రెండు కాళ్లూ పడిపోయాయి. తాను పోయాక పిల్లకు ఆసరా ఉంటుందని, వచ్చిన డబ్బంతా ఆ బాండ్లలో పెట్టింది. ఆ సంతకం నిలిచిందంటే ఆమెకు పైసా రాదు. వీడికేమో మంత్రం కావాలట!

సారు మాత్రం, "ఆ కాయితం ఉన్నదా?" అన్నారు. సంచిలో ఉందన్నాడు శ్రీశైలం. దేవవ్వను పిలుచుకు రమ్మని నన్ను పక్క వీధికి పంపారు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వస్తూనే, "ఏం శ్రీశైలం, గట్ల పీక్కపోయినవేంది? తింటున్నవా లేదా?" అంది. అతను తలెత్తలేదు.

"నువ్వు నింపి సంతకం పెట్టిచ్చిన కాయితం ఆమెకు చదివి వినిపియ్యి" అన్నారు సారు.

శ్రీశైలం ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. సారు చెయ్యెత్తారు. "దేవవ్వకు తెలిసే మాటల్ల చదువు."

అతను తడుముకుంటూ చదివాడు. "నాకు షేర్లు, బాండ్లు కొనుట్ల పదేండ్ల అనుభవం ఉన్నది."

"నాకా!" దేవవ్వ పకపకా నవ్వింది. "బెడ్‌ప్యాన్లు కడిగినదాన్ని బిడ్డా నేను!" మేమూ నవ్వాం. శ్రీశైలం నవ్వలేదు.

"నా మీద ఆధారపడ్డోళ్లు ఎవరూ లేరు."

దేవవ్వ నవ్వు ఆగిపోయింది. "మంజుల ఉన్నది గదా" అంది మెల్లగా.

శ్రీశైలం కాగితం కింద పెట్టబోయాడు. "చదువు" అన్నారు సారు.

"ఈ పైసలు మొత్తం పోయినా నాకు బతుకుదెరువుకు ఇబ్బంది లేదు. అన్నీ తెలుసుకునే పెడ్తున్న."

దేవవ్వ శాపనార్థాలు పెడుతుందని ఎదురుచూశాను. పెడితే నా వంతూ కలుపుదామని సిద్ధంగా ఉన్నాను. ఆ పిచ్చితల్లి నొసలు రుద్దుకుంటూ గుర్తుచేసుకోబోయింది.

"గట్లన్ననా? అని ఉంటా బిడ్డా. ముసల్దాన్నయితిని, యాదికుంటలేదు. నేను అననిది నువ్వెందుకు రాస్తవు?"

శ్రీశైలం రెండు చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాక్కూడా, అబద్ధమెందుకు, అంత కోపమూ ఎటుపోయిందో గానీ కళ్లు మండాయి.

"అనలేదవ్వా" అన్నాడు చివరికి. "నువ్వేం అనలేదు. నేనే రాసిన. కమీషన్ కోసం రాసిన."

దేవవ్వ తిట్టలేదు. అతని దిక్కు చూసి, "మరి నేను పోతే మంజులకెట్ల, శ్రీశైలం?" అని మాత్రం అడిగింది.

సారు పైకండువాతో కళ్లు ఒత్తుకుని, శ్రీశైలం భుజం మీద చెయ్యి వేశారు.

"ఇప్పుడు 'నేనే రాసిన' అన్నవు చూడు, ఆ మాట మళ్లొక్కసారి అను" అన్నారు. "ఎల్లుండి అక్కడ గొంతు వణకొద్దు."