బుల్లెమ్మ కుట్టు ఏది?

అనగా అనగా, కోటనీ గుడిసెనీ చలి ఒకేలా కొరికే రోజుల్లో, ఒక పెద్ద ఏటి నడుమ మొగలిలంక అనే ఊరు ఉండేది. ఊరంటే ఎంత, అరవై గడప. కొబ్బరిచెట్లు, కూరపాదులు, నాలుగు పడవలు. కానీ ఆ ఊరి బొంతలకు మాత్రం చుట్టుపక్కల గొప్ప పేరు.

బొంత తెలుసుగా? పాత చీరలూ పాత పంచెలూ పొరలు పొరలుగా పరిచి, సూదితో వరసలు వరసలుగా కుట్టి, చలికి కప్పుకునేది. తెలియకపోతే మీ అమ్మమ్మని అడగండి. ఆవిడా తెల్లమొహం వేస్తే నేనేం చెయ్యలేను.

కార్తీకంలో ఒక రోజు ఊరు ఊరంతా పడవలెక్కి అవతలి ఇసుకతిప్ప మీదికి వనభోజనాలకు వెళ్లేది. ఉసిరిచెట్టు కింద పొయ్యిలు పెట్టేవారు. పులిహోర కలిపేవారు, గుమ్మడికాయ దప్పళం కాచేవారు. అది ఉడికేలోగా ఇసుక మీద చాపలు వేసి ఎవరి బొంత వాళ్లు పరిచేవారు. చిరిగినచోట పాతగుడ్డతో మాసిక వేసి, దాని మీద ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని వరసలు కుట్టేవారు. తాతకొక వరస, మొగుడికొక వరస, పెళ్లానికొక వరస. ఏడేళ్లు నిండిన పిల్లలకు కూడా ఒక వరస. మీసాలు మెలేసే మగాళ్లు సూదిలోకి దారం ఎక్కించలేక నాలుక బయటపెట్టి తిప్పలు పడుతుంటే, ఆడవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. ఆ నవ్వు వాళ్లకు ఏడాది పొడుగునా సరిపోయేది.

ఈ పనికి ఒక కట్టడి ఉండేది. ఒకరు వేసిన కుట్టు ఇంకొకరు విప్పరాదు. వంకరైనా సరే, ముడిపడినా సరే.

ఎందుకో పోలమ్మని చూస్తే తెలిసేది. పోలమ్మ మొగుడు పడవ నడిపేవాడు. ఒక వరదలో ఏరు అతణ్ణి తీసుకుపోయింది. ఆమె బొంతలో అతను వేసిన వరస ఒకటి మిగిలింది. నిటారుగా మొదలై, ఎటో పోయి, మళ్లీ ఇల్లు గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చిన వరస అది. పోలమ్మ రోజూ పడుకోబోయే ముందు దాని మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించేది. ఆ తర్వాతే కన్ను మూసేది.

పోలమ్మ పక్కిల్లే అచ్చియ్యమ్మది. సూది పట్టుకుంటే అచ్చియ్యమ్మ తర్వాతే ఎవరైనా. ఆమె కుట్టు వేస్తే చీమల బారు నడిచినట్టుండేది. పని వచ్చు, సరే. పని వచ్చన్న సంగతి ఒక్క క్షణం కూడా మర్చిపోలేకపోయేది, అదీ ఆమె జబ్బు. మొగుడు గవరయ్య వేసిన వరసల్ని ఏ ఏడుకా ఏడు గుట్టుగా విప్పేసి తనే కుట్టేది. గవరయ్య కనిపెట్టాడో లేదో! వేళకి ఇంత అన్నం పడితే చాలనుకునే మనిషి ఆయన.

వాళ్లకు ఒక్కతే కూతురు, బుల్లెమ్మ.

బుల్లెమ్మకు ఏడేళ్లు నిండాయి. ఆ ఏడు వనభోజనాల్లో మొదటిసారి సూది పట్టింది. పాత చీర అంచులోంచి లాగిన ఎర్రదారంతో, మూతి బిగబట్టి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కూర్చుని ఒక వరస వేసింది. ఆ వరస బాతుపిల్ల నడకలా ఉంది. ఒక కుట్టు జానెడు, ఒక కుట్టు గోరంత. ఊరంతా చుట్టూ చేరి, "ఓసి నా తల్లే! ఎంత బాగా వేశావే!" అని బుగ్గలు పుణికారు. బుల్లెమ్మ ఆ రోజు దప్పళం రెండుసార్లు పోయించుకుంది.

అచ్చియ్యమ్మకు మాత్రం ఆ వరస కంట్లో నలుసైంది. మర్నాడు పిల్ల ఆడుకోవడానికి వెళ్లగానే కత్తెర తీసి, టకటకా విప్పేసి, అదే రంగు దారంతో మళ్లీ కుట్టేసింది.

పిల్ల వచ్చి బొంత తడిమి చూసుకుంది.

"అమ్మా, నా కుట్టు ఏది?"

"అదే కదే."

"ఇది నాది కాదు. నాది వంకరగా ఉంటుంది."

"నిన్న ఎండలో వేశాంగా, గుడ్డ సాగి సర్దుకుందిలే," అంది అచ్చియ్యమ్మ.

చూశారా తల్లి నోటి మాట! పిల్ల నమ్మింది. అమ్మ చెబితే నమ్మక ఏం చేస్తుంది?

రెండో ఏడు వచ్చింది. ఈసారి బుల్లెమ్మ నీలిదారంతో వరస వేసి, చివర ఒక చేపని కుట్టింది. చేపకి కన్ను కూడా పెట్టింది. "ఇప్పుడు ఎండకి సాగినా నాదేదో తెలుస్తుంది," అని పోలమ్మ చెవిలో చెప్పింది. పోలమ్మ ఆ చేపని ముద్దు పెట్టుకుంది.

నాలుగు రోజులకు మునసబుగారి భార్య అచ్చియ్యమ్మ ఇంటికి వస్తానని కబురంపింది. ఇక చూడండి. ఆ పెద్దమనిషి ముందు ఈ సొట్ట చేప పెడితే పరువేం కావాలి? కత్తెర మళ్లీ బయటికి వచ్చింది.

బుల్లెమ్మ వచ్చి చూసింది. ఈసారి ఏమీ అడగలేదు. చీపురు కింద నీలిదారం ముక్కలు కనబడితే ఏరి, కొబ్బరిచిప్పలో వేసి దాచుకుంది.

మూడో ఏడు వచ్చేలోగా ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? అమ్మ ఏటికి నీళ్లకు వెళ్లినప్పుడల్లా పాత గోనెపట్టా ముందేసుకుని కుట్టడం నేర్చుకుంది. వేళ్లకు సూది గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని మళ్లీ కుట్టింది. తొమ్మిదేళ్లకే, ఆ కార్తీకంలో ఉసిరిచెట్టు కింద ఆకుపచ్చ దారంతో వరస వేస్తే, చూసినవాళ్లు నోరు తెరిచారు. తిన్నగా ఉంది. ఎక్కడో మధ్యలో ఒక్కటంటే ఒక్క కుట్టు పక్కకి జరిగింది.

ఇంటికి రాగానే గవరయ్య అన్నాడు, "అచ్చీ, దాన్ని ముట్టుకోకే. పిల్ల కష్టపడింది."

"ఒక్క కుట్టు తప్పిందయ్యా. ఆ ఒక్కటీ సరిచేస్తాను," అంది.

ఒక్కటి విప్పితే పక్కది వదులైంది. పక్కది లాగితే దాని పక్కది ఊడింది. పొద్దు వాలేసరికి వరసంతా పోయింది, వరసంతా మళ్లీ వచ్చింది. గుమ్మంలో నిలబడి బుల్లెమ్మ అంతా చూసింది. ఏడుస్తుందేమో అనుకుంది తల్లి. పిల్ల ఏడవలేదు. దగ్గరికొచ్చి, కింద పడిన ఆకుపచ్చ ముక్కలు ఏరుకుని, తన సూదిని తల్లి చేతిలో పెట్టింది.

"నువ్వే కుట్టుకో అమ్మా. నీకు బాగా వచ్చు."

అంతే. మళ్లీ ఆ పిల్ల సూది ముట్టలేదు. వనభోజనాలకు వచ్చేది, అందరికీ మంచినీళ్లు అందించేది, విస్తళ్లు తీసేది. వరస మాత్రం వేసేది కాదు. "దానికి పనిమీద శ్రద్ధ లేదమ్మా," అని అచ్చియ్యమ్మ పదిమందిలో చెప్పుకుని తిరిగేది. ఆ నోటికి అడ్డేముంది?

ఇలా ఎనిమిదేళ్లు గడిచాయి. బుల్లెమ్మకు పెళ్లి కుదిరింది. మాఘంలో ముహూర్తం. అత్తవారి ఊరు ఏటి ఎగువన, పడవలో పన్నెండు రోజుల దారి.

అప్పుడే కోట నుంచి దండోరా వచ్చింది. రాజుగారి తల్లికి చూపు పోయింది, నిద్ర కరువైంది. పట్టుపరుపులు ఒంటికి చల్లగా తగులుతున్నాయట. ఆవిడా చిన్నప్పుడు లంకల్లో పెరిగిన పిల్లే. "ఇంటిల్లిపాదీ కుట్టిన బొంత తెచ్చి నా మీద కప్పండి," అందట. ఇంటింటి బొంతా కోటకు తేవాలని రాజాజ్ఞ. రాజమాతకు నచ్చిన బొంత ఇంటివారికి పల్లకీ మర్యాద.

అచ్చియ్యమ్మ బొంత ఉతికి, మడిచి, తెల్లగుడ్డలో చుట్టింది. పోలమ్మ కూడా తన బొంత చంకలో పెట్టుకుని పడవెక్కింది.

"ఆ గోనెసంచీ కూడా తేవాలా వదినా? లంక పరువు తీస్తావా?" అంది అచ్చియ్యమ్మ.

"రాజాజ్ఞ కదా వదినా, తెమ్మన్నారు, తెస్తున్నాను," అంది పోలమ్మ.

కోటలో రాజమాత ఒక్కో బొంతనీ వేళ్లతో తడిమి చూస్తోంది. మొదట ఒక షావుకారు జరీ బొంత పరిచారు. ఆవిడ ఒక్కసారి తాకి, "దీన్ని కుట్టినవాళ్లెవరూ కప్పుకోలేదు. తీసెయ్యండి," అంది.

తర్వాత అచ్చియ్యమ్మ బొంత. రాజమాత వేళ్లు మెల్లగా నడిచాయి. "ఆహా, ఏం పనితనమమ్మా! సన్నాయి పాటలా ఉంది. మీ ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురమండీ, తల్లీ," అంది అచ్చియ్యమ్మ పొంగిపోతూ.

రాజమాత మళ్లీ తడిమింది. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి.

"మిగతా ఇద్దరూ ఏరి? ఇందులో నువ్వొక్కదానివే ఉన్నావే!"

అచ్చియ్యమ్మ తల వంచుకుంది.

ఆఖరున పోలమ్మ బొంత. రాజమాత వేలు ఒకచోట ఆగింది, పక్కకి తిరిగింది, వెనక్కి వచ్చింది. ఆవిడ ముసలి మొహం మీద నవ్వొచ్చింది.

"ఎవరమ్మా ఈయన? ఇలా దారి తప్పాడు?"

"మా ఆయనండీ. తెడ్డు పట్టిన చెయ్యి, సూది పట్టడం రాదు. ఇప్పుడు లేడు," అంది పోలమ్మ. అని ఆవిడ కాళ్ల మీద పడింది. "తల్లీ, పల్లకీ నాకొద్దు. ఈ ఒక్క పూట కప్పుకోండి. తిరిగిచ్చెయ్యండి. ఇది లేకపోతే నాకు నిద్ర రాదు."

రాజమాత ఆ బొంత కప్పుకుని, ఆ వరస మీద వేలు పెట్టుకుని, పట్టపగలే పసిపిల్లలా నిద్రపోయింది. లేచాక బొంత తిరిగిచ్చేసింది. పోలమ్మని పల్లకీలో రేవు దాకా పంపించింది. అచ్చియ్యమ్మ తన తెల్లగుడ్డ మూట పట్టుకుని వెనక నడిచింది.

ఆ కార్తీకంలో వనభోజనాలకు అచ్చియ్యమ్మ అందరికంటే ముందు పడవెక్కింది. ఉసిరిచెట్టు కింద చాప వేసి, బొంత పరిచి, కూతురి రెండు చేతులూ పట్టుకుంది.

"ఒక్క వరస వెయ్యవే తల్లీ. నీ ఇష్టం వచ్చినట్టు వెయ్యి. వంకరగా వెయ్యి. చేపని వెయ్యి. నేను ముట్టుకోను. ఉసిరిచెట్టు సాక్షి."

బుల్లెమ్మ సంచిలోంచి కొబ్బరిచిప్ప తీసి తల్లి ముందు పెట్టింది. అందులో నీలి ముక్కలు, ఆకుపచ్చ ముక్కలు.

"నేను వేసినవి ఇవేనమ్మా. ఎర్రవి మాత్రం దొరకలేదు. అప్పటికి నాకు తెలియదుగా."

అచ్చియ్యమ్మ ఒక ముక్క తీసి సూదిలోకి ఎక్కించబోయింది. కత్తెర కోసిన ముక్క, వేలెడు కూడా లేదు. ఒక్క కుట్టుకైనా రాలేదు. ఇంకొకటి తీసింది. అదీ అంతే. అప్పుడు ఏడ్చింది. పదిమందిలో, బోరుమని ఏడ్చింది.

బుల్లెమ్మ మంచి పిల్ల. తల్లి ఏడుపు చూడలేకపోయింది. సూది అందుకుంది. ఒక పొడుగు దారాన్ని పసుపునీళ్లలో ముంచి, బొంత మీద బిగించి లాగి వదిలింది. వడ్రంగి కొట్టినట్టు తిన్నటి గీత పడింది.

"ఆ గీత ఎందుకే?" అంది తల్లి.

"కుట్టు తప్పితే బాగుండదుగా అమ్మా."

"తప్పనీవే! తప్పనీ! నాకు తప్పే కావాలి!"

"వంకరగా వెయ్యాలంటే చెయ్యి రావడం లేదమ్మా," అంది బుల్లెమ్మ. గీత మీదే, ఒక్కో కుట్టూ కొలిచి, చెమటలు కక్కుతూ వరస పూర్తి చేసింది. కోపంతో కుట్టలేదు. కోపంతో కుట్టినా బాగుండేది. వరస అచ్చం తల్లి వేసినట్టే వచ్చింది. చీమల బారులా, ఒక్క కుట్టు పొల్లుపోకుండా.

మాఘం వచ్చింది. పిల్ల అత్తవారింటికి వెళ్లింది. పసుపు గీత మొదటి ఉతుకులోనే పోయింది. కొన్నేళ్లకు అచ్చియ్యమ్మ కళ్లకు పొరలు కమ్మాయి, సూదీ దారమూ కనబడడం మానేశాయి. కూతురి మీద మనసు పోయినప్పుడల్లా బొంత ఒళ్లో వేసుకుని వరస వరసా వేలితో తడిమేది. ఒక రోజు గోడ అవతలి పోలమ్మని కేకేసింది.

"వదినా, నీకు కళ్లున్నాయి. నా బుల్లెమ్మ కుట్టు ఏదో చూసి చెప్పవూ?"

పోలమ్మ వచ్చింది. బొంతని ఎండలోకి లాగి, పైనుంచి కిందికి చూసింది. తిరగేసి చూసింది. అబద్ధం ఆడదామని నోరు తెరిచింది కూడా. ఆడలేకపోయింది.

"నాకూ తెలియడం లేదు వదినా. అన్నీ నీ కుట్లలాగే ఉన్నాయి."

అచ్చియ్యమ్మ బొంత వెనక్కి తీసుకుని, మళ్లీ మొదటి వరస మీద వేలు పెట్టింది.

కథ ఇక్కడితో సరి. ఇక నీతి అంటారా, మీ ఇంట్లో పిల్లలు సూది పట్టే ముందే విని పెట్టుకోండి: చిన్న చేతులు వేసిన వంకర కుట్టు విప్పడం క్షణం పని, దాన్ని మళ్లీ వేయించడం ఎవరి తరమూ కాదు.