ఘాటెక్కగానే లేచే ముల్లు

శరభయ్యకు ఆ ముల్లుతో నిద్ర పట్టడం లేదు. కింద చదును రోడ్డు మీద బుద్ధిగా మధ్యలో నిలబడే ఇంజను వేడి ముల్లు, నల్లమల కొండల్లో ఘాటు రోడ్డు మొదలవగానే ఎర్రగీత వైపు లేస్తుంది.

బండి పాత ఎస్‌యూవీ. ఎవరో భక్తుడు తాను కొత్తది కొనుక్కుని, దీన్ని పుణ్యం కింద నాంచారమ్మ ఆశ్రమానికి తోలేశాడు. దాతల్లో చాలామంది అంతే, తమ వాకిట్లో అడ్డమైనదే దేవుడికి పనికొస్తుందనుకుంటారు. శరభయ్య కర్నూలులో ఏళ్ల తరబడి మెకానిక్కుగా చేసి, మనసు కుదురు లేదని నాంచారమ్మ కాళ్ల దగ్గరికి వచ్చినవాడు. బండి మంచీచెడూ, డ్రైవింగూ అతనివే.

పక్క ఊరి పుల్లమ్మకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. ఘాటు దాటించి నంద్యాల ఆసుపత్రికి తీసుకెళ్లి డయాలసిస్ చేయించడానికి ఆ చుట్టుపక్కల ఈ బండి ఒక్కటే దిక్కు. పోయినసారి ముల్లు లేచిందని శరభయ్య ఘాటులో ఆపుకుంటూ ఆపుకుంటూ పోయాడు. చేరేసరికి పుల్లమ్మ వంతు దాటిపోయింది. మిషను ఇంకొకరికి పెట్టేశారు. ఉత్త చేతులతో వెనక్కి వచ్చారు.

అప్పట్నుంచీ అతను బండిని వదల్లేదు. థర్మోస్టాట్ మార్చాడు. రేడియేటర్ మూత మార్చాడు. వాటర్ పంపు విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. పెళ్లికూతురికి కూడా ఇన్ని సింగారాలు చెయ్యరు. మళ్లీ బయల్దేరాల్సిన పొద్దున వెళ్లి నాంచారమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఈ బండి నాకొద్దు. ఇంజను కాలిపోతే ఆ తల్లి అడివిలోనే పోతుంది. ఆ పాపం నేను మొయ్యలేను. ఇంకెవరికన్నా చెప్పు."

"ఇంకెవరికొచ్చురా డ్రైవింగు? నాకా?" అంటూ ఆమె లేచింది. "పద, నేనూ వస్తా."

పుల్లమ్మను వెనక సీట్లో ఎక్కించుకుని బయల్దేరారు. ఘాటు మొదట్లోనే మబ్బు రోడ్డు మీదికి దిగి ఉంది. ఈ వానాకాలమంతా అంతే. శరభయ్య అలవాటుగా లైట్లు వేశాడు. మొదటి మలుపు తిరిగేలోపే ముల్లు లేచింది.

బండి పక్కకు తీశాడు. ఇంజను ఆపకుండానే దిగి బానెట్ ఎత్తాడు. ఆవిరి లేదు, పొగ లేదు. రేడియేటర్ డబ్బాలో నీళ్లు కదలకుండా ఉన్నాయి.

"చూసినావా అమ్మా," అన్నాడు, కాస్త గర్వంగానే. "వేళకు ఆపినా కాబట్టి మరగలేదు."

"పోయినసారి మరిగిందా?"

"లేదు. అప్పుడూ ఆపినా కదా."

"అసలెప్పుడన్నా మరిగిందా?"

"నేను మరగనిస్తే కదా."

"మరగనీ నాయనా, టీ అన్నా... పెట్టుకుందాం," అంది వెనక నుంచి పుల్లమ్మ. ఆ ఒక్క మాటకూ ఆమెకు మధ్యలో ఊపిరి చాల్లేదు.

"అది మూసి, వచ్చి కూచో," అంది నాంచారమ్మ.

అతను కూర్చున్నాక, స్టీరింగు మీదుగా చెయ్యి చాపి లైట్ల మీట తిప్పింది. లైట్లు ఆరాయి. ముల్లు జారి మధ్యలోకొచ్చి నిలబడింది. మళ్లీ వేసింది. ముల్లు లేచింది. ఆర్పింది. దిగింది.

"లైటేస్తే నీళ్లు కాగుతాయారా?"

శరభయ్య మీటనూ ముల్లునూ మార్చి మార్చి చూశాడు. ఎక్కడో ఎర్తు వైరు వదులైంది. లైట్లు కరెంటు లాగినప్పుడల్లా ముల్లు అబద్ధం చెబుతోంది. ఘాటెక్కినప్పుడల్లా అనుకున్నాడే తప్ప, లైటేసినప్పుడల్లా అని ఒక్కనాడూ తట్టలేదు. ఇంజను ఏనాడూ వేడెక్కలేదు.

అర్థమైందో లేదో, అతని చెయ్యి సీటు కింది స్పానర్ల సంచి మీదికి పోయింది.

"ఒక్క నిమిషం అమ్మా. ఏ వైరో చూసి బిగించేస్తా. ఎంతసేపు, చిన్న పని."

నాంచారమ్మ ఆ సంచి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

"మరి ముల్లో?" అన్నాడతను.

"దాని మానాన దాన్ని లేవనీ." ఆమె లైట్లు వేసింది. ముల్లు లేచింది. అతని చూపూ దాని వెంటే లేచింది.

"ఇంజను శబ్దం ఎట్లుంది?"

"బాగానే ఉందమ్మా."

"పుల్లమ్మదో?"

అతనికి ఆ ప్రశ్న తలకెక్కలేదు. తర్వాత వినబడింది. ఇంజను మోత అడుగున, తడి గుడ్డ పిండుతున్నట్టు, లోపలికి పోలేక పోలేక పోతున్న ఊపిరి.

వెనక్కి తిరిగాడు. పుల్లమ్మ ముందు సీటును రెండు చేతులా పట్టుకుని, తల వంచుకుని కూర్చుని ఉంది.

"అక్కా, ఎప్పట్నుంచి ఇట్లుంది?"

"ఇంటికాడ్నుంచే, నాయనా."

శరభయ్య గేరు వేశాడు. నంద్యాల దాకా బండి ఎక్కడా ఆగలేదు.