గంధం బొట్టు, గుసగుస పాట

అనగనగనగా... మరీ అంత వెనక్కి వెళ్ళిపోకు తల్లీ, చెవిలో పెట్టుకునే హెడ్‌ఫోన్లకి ఇంకా తీగ ఉన్న కాలమే. కాలవ పక్కన ఒక ఊళ్ళో ఒక పిండిమర ఉండేది. ఆ మర తిరిగిందంటే చుట్టూ నాలుగిళ్ళవాళ్ళు సైగలతోనే మాట్లాడుకోవాలి.

మర వీర్రాజుగారిది. తిప్పేది మాత్రం ఆయన కూతురు ఝాన్సీ.

ఏంటీ? మీ అమ్మ పేరూ ఝాన్సీయేనా? ఊళ్ళో ఝాన్సీలు తక్కువా ఏంటి! ఊఁ కొట్టు, మధ్యలో అడ్డు రాకు.

ఆ పిల్లకి పంతొమ్మిదేళ్ళు. బియ్యం ఆడితే తెల్లగా, మిరపకాయలు ఆడితే ఎర్రగా, పసుపుకొమ్ములు ఆడితే పచ్చగా ఇంటికొచ్చేది. ఆ పిల్ల రంగు చూసి ఆ రోజు మరలో ఏం పోశారో వీధి వీధంతా చెప్పేసేది.

ఆ ఝాన్సీకి ఒక మేనత్త ఉంది. పేరిందేవి. ఆవిడకి అక్షరం ముక్క రాదు గానీ, వియ్యపురాలి పాట పాడిందంటే పెళ్ళి పందిరి ఊగిపోవాల్సిందే. అంటే ఏంటనుకున్నావు? మగపెళ్ళివాళ్ళు బంతిలో కూర్చుని భోంచేస్తుంటే, ఆడపెళ్ళివాళ్ళు వాళ్ళని ఆటపట్టిస్తూ పాడే పాట. వాళ్ళ తిండినీ, మీసాన్నీ, నడకనీ, దేన్నీ వదలరు. పేరిందేవి ఏ పెళ్ళికి ఆ పెళ్ళికే కొత్త పాట కట్టేది. ప్రతి పాటకీ పది చరణాలు. తొమ్మిది చరణాలు ఆటపట్టించి, పదోది పాడి వియ్యపురాలి చేతిలో లడ్డూ పెట్టేది. పదో చరణం ముడి విప్పే చరణం. అది పాడకపోతే ముందు పాడిన తొమ్మిదీ తిట్లకిందే లెక్క.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పెళ్ళికి ముందు ఆ పాట అవతలి వాళ్ళ చెవిన పడకూడదు. పడిందా, వాళ్ళు జవాబు కట్టుకుని వచ్చేస్తారు.

ఈసారి పెళ్ళి ఎవరిదనుకున్నావు? పేరిందేవి సొంత కూతురు కుసుమది. పెళ్ళికొడుకుది కూడా ఆ ఊరే, రెండు వీధులవతల. పాట కట్టడం అయిపోయింది. అప్పుడే పేరిందేవి గొంతులో చిన్న కాయ తేలింది. డాక్టరు దాన్ని తీసేద్దామన్నాడు. తీశాక నెల రోజులు నోరు తెరవకూడదన్నాడు. మాట కూడా వద్దు, గుసగుస కూడా వద్దు, తెరిస్తే గొంతు తిరిగి రాదన్నాడు.

అందుకని పట్నం బయల్దేరే ముందురోజు పేరిందేవి మరలోకి వచ్చింది. ఊక బస్తాల వెనక్కి ఝాన్సీని లాక్కెళ్ళింది.

"నీ ఫోనులో దాచుకోవే. నా బదులు నువ్వు పాడాలి," అంది.

ఎవరైనా వింటారేమోనని పది చరణాలూ గుసగుసగా పాడింది. ఝాన్సీ రికార్డు చేసుకుంది.

ఆ ఫోను స్పీకరు ఎప్పుడో పిండి తిని మూగబోయింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటేనే ఏమైనా వినపడేది. అదీ మంచిదే, పాట గుట్టు దాగుతుంది అనుకుంది ఝాన్సీ. మర ఆడిస్తూ రోజుకో చరణం నేర్చుకుంది. దసరా వచ్చేసరికి ఏడు వచ్చేశాయి. మూడు మిగిలాయి.

పండగకి మర మూసేశారు. ఆయుధపూజ చేశారు. ఆ తర్వాత సోమవారం మర తెరిచి, ఝాన్సీ హెడ్‌ఫోన్లు చెవిలో పెట్టుకుంది.

ఏముంది? ఏమీ లేదు. మర ఆపి మళ్ళీ పెట్టుకుంది. ఎక్కడో సముద్రం అవతల ఒక దోమ పాడుతున్నట్టుంది. పక్కనున్న మీట నొక్కి నొక్కి బొటనవేలు నొప్పెట్టింది. తెర మీద వాల్యూము గీత చివరిదాకా వెళ్ళింది గానీ గొంతు రాలేదు.

శుక్రవారం పెళ్ళి.

సాయంత్రం ఝాన్సీ అత్త దగ్గరికి పరిగెత్తింది. పేరిందేవి మెడకి గుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. సంగతి విని పది వేళ్ళు చూపించింది, పదో వేలు గట్టిగా ఊపింది. ఆ తర్వాత తన గొంతు చూపించుకుని, నేనే పాడేస్తాలే అన్నట్టు నోరు తెరిచింది. ఝాన్సీ పిండిచేత్తోనే ఆవిడ నోరు మూసేసింది.

"అత్తా, నీ గొంతు మీద ఒట్టు. శుక్రవారానికి పదీ నేను పాడతా. నువ్వు నోరు తెరిచావంటే లడ్డూలన్నీ నేనే తినేస్తా."

పేరిందేవి మూతికంటిన పిండితోనే నవ్వింది, చప్పుడు లేకుండా.

మంగళవారం పొద్దున్నే ఝాన్సీ సెంటర్లో సత్తిబాబు ఫోన్ల కొట్టుకి వెళ్ళింది. సత్తిబాబు తన హెడ్‌ఫోన్లు గుచ్చి ఇచ్చాడు. వాటిలోనూ దోమే.

"అయితే రోగం ఫోనులోనే ఉందండీ," అని సెట్టింగుల్లోకి వెళ్ళాడు. సౌండు అని రాసున్నచోట వెతికాడు. అక్కడ వాల్యూముకి హద్దు పెట్టి ఉంది. "పండగ రోజుల్లో అప్‌డేట్ ఏమైనా వచ్చిందా? దాంతో ఈ హద్దు పడినట్టుంది. గట్టిగా వింటే చెవులు పాడవుతాయని ఫోనే పగ్గం వేస్తుంది," అని ఆ పగ్గం తీసేశాడు. ఆ తర్వాత ఆమె హెడ్‌ఫోన్లే మళ్ళీ గుచ్చాడు. "ఏదీ, ఏదో పాట ఉందిగా, ఒకటి నా చెవిలో పెట్టండి, చూస్తాను."

ఈ సత్తిబాబు ఎవరనుకున్నావు? పెళ్ళికొడుకు మేనమామ కొడుకు!

ఝాన్సీ ఫోను లాక్కుంది. "పర్లేదండీ, వినపడిపోతోందండీ!" అని వెనక్కి చూడకుండా పరుగు. చెప్పులు ఆ కొట్టు ముందే ఉండిపోయాయి.

పాట మీదున్న మొదటి మూత అలా తెరుచుకుంది. దోమ కాస్తా తుమ్మెద అయింది. మర ఆపేసి, దుప్పటి ముసుగేసుకుని, చెవులు రిక్కించి ఎనిమిదో చరణం పట్టేసింది.

*వియ్యపురాలా వియ్యపురాలా వెయ్యి వడలు వండేమమ్మా*
*వెయ్యీ నువ్వే తినేస్తే మరి ఊరికి ఏమి పెట్టేదమ్మా*

అదిగో, నవ్వకు, నిద్ర పారిపోతుంది.

కానీ తొమ్మిదోది దొరకలేదు. అందులో పేరిందేవి ఇంకా చిన్నగా పాడింది. బుధవారం రాట్నంలా అటూ ఇటూ తిరుగుతూ విన్న ఝాన్సీకి ఒక సంగతి తట్టింది. పాట ఎడమ చెవిలోనే ఉంది. కుడి చెవి ఖాళీ. తీగలు మార్చి పెట్టుకుని చూసింది. అప్పుడు కుడి చెవిలో పాట, ఎడమ చెవి ఖాళీ.

ఈసారి కొట్టుకి వెళ్ళలేదు. తనే కూర్చుని సెట్టింగుల్లో ఒక్కో గదీ తెరిచి చూసింది. చెవి సరిగా వినపడనివాళ్ళ కోసం ఫోనులో ఒక చోటు ఉంటుంది. అక్కడ ఒక గీత, ఆ గీత మీద ఒక పూస. పూస మధ్యలో ఉండాలి కదా, ఎవరో దాన్ని ఎడమ చివరికి లాగేశారు.

వీర్రాజుగారు పక్కనే తవుడు ఎత్తుతున్నారు. ఆయనకి కుడి చెవి చిన్నప్పట్నుంచీ వినపడదు. కూతురి మొహం చూసి ఆయన చేట కింద పెట్టారు.

"నేనేనమ్మా. పండగ ముందురోజు పద్యాలు విందామని తీసుకున్నా. ఏదో తడిమితే ఆ పూస జరిగింది. అన్నీ నా మంచి చెవిలోకే వచ్చేశాయి. అబ్బ, హాయిగా ఉందని అలాగే వదిలేశా."

"నాన్నా, నువ్వు పద్యాలు విన్నావు, నేను చెవుడు తెచ్చుకున్నా!"

"మరి నీకు రెండు చెవులున్నాయిగా తల్లీ, సర్దుకుంటావనుకున్నా," అన్నారాయన. ఝాన్సీకి కోపం రావలసింది, నవ్వొచ్చింది. పూసని మధ్యకి జరిపింది.

రెండో మూత తెరుచుకుంది. తొమ్మిదో చరణం వచ్చేసింది.

*మామగారి మీసం చూడు మూరెడు పొడుగు ఉందమ్మా*
*మజ్జిగ తాగి పిండుకుంటే ముంతెడు మళ్ళీ వచ్చిందమ్మా*

ఇక పదోది. ముడి విప్పేది. పేరిందేవి అప్పటికి అలిసిపోయిందేమో, దాన్ని ఊపిరితోనే పాడింది. "ఎన్నన్నా ఏమన్నా" అని మొదలు వినిపిస్తుంది, ఆ తర్వాత మూతికి గుడ్డ కట్టుకుని పాడినట్టు ముద్దముద్దగా పోతుంది. వంద సార్లు విన్నా అంతే.

గురువారం వచ్చేసింది. తెల్లారితే పెళ్ళి. పెళ్ళివారి శనగలు, మినుములు అన్నీ మర ముందు బారులు తీరాయి. ఝాన్సీ చెవిలో హెడ్‌ఫోన్లు, కళ్ళల్లో నీళ్ళు. తొమ్మిది చరణాల ఎకసెక్కాలు పాడి ఆగిపోతే, రేపు కుసుమ ఆ ఇంట్లో ఎలా అడుగుపెడుతుంది? పోనీ తనే పాడేస్తానని అత్త నోరు తెరిస్తే?

అప్పుడు మర మొరాయించింది. పిండి రావడం తగ్గిపోయింది. ఎవరో తడి మినుములు తెచ్చారు, మర లోపలి జల్లెడ పూడిపోయింది.

ఝాన్సీ ముక్కు చీదుకుని, మర ఆపి, జల్లెడ బయటికి తీసింది. జల్లెడ కన్నాల్ని పుల్లతో పొడవకూడదు, పొడిస్తే ముద్ద ఇంకా లోపలికి పోతుంది. నీళ్ళు పోయకూడదు, పోస్తే బంక అవుతుంది. బోర్లించి పట్టుకుని, కింద నుంచి మెత్తటి కుంచెతో దులపాలి. అప్పుడు పట్టిందంతా దానంతటదే కిందికి రాలిపోతుంది. నడక వచ్చిన దగ్గర్నుంచీ చేస్తున్న పనే కదా, చేతులు వాటంతటవే చేస్తున్నాయి.

చేస్తూ చేస్తూ మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్ల వంక చూసింది. చెవిలో పెట్టుకునే గుండీకి కూడా ఎంత చిన్న జల్లెడ ఉందో! దీపం దగ్గరికి తీసుకెళ్ళి రబ్బరు తొడుగు లాగి చూసింది.

ఆ జల్లెడ మీద ఏముందో తెలుసా? గంధం. గంధం మీద కుంకుమ. ఎండిపోయి సున్నంలా గట్టిపడి, రెండు గుండీల మీదా రెండు గుండ్రటి బొట్లు.

ఆయుధపూజ రోజున మరకి బొట్టు పెట్టారు. కాటాకి పెట్టారు. చేటకి, కుంచెకి, ఫోనుకి పెట్టారు. హెడ్‌ఫోన్లు కూడా పనిముట్లే కదా, వాటిని వదిలేస్తే అమ్మవారు ఏమనుకుంటుందోనని ఒక్కో చెవికి ఒక్కో బొట్టు, పేరు పేరునా పెట్టారు. ఆ పైన రబ్బరు తొడుగులు బిగించి, చక్కగా సర్దేశారు.

"ఎవరు పెట్టారమ్మా ఇది?" అని కేకేసింది ఝాన్సీ.

వాళ్ళమ్మ వాకిట్లో మామిడాకులు గుచ్చుతోంది. వినపడనట్టు ఊరుకుంది. మర ఆగి ఉంది కదా, వినపడకేం, బాగానే వినపడింది.

ఝాన్సీ మళ్ళీ అడగలేదు. కొత్త పళ్ళ బ్రష్షు ఒకటి తెచ్చింది. గుండీని బోర్లించి పట్టుకుంది. పిన్నీసుతో పొడవలేదు, నీళ్ళు తాకించలేదు. కింద నుంచి మెల్లిగా, మెల్లిగా దులిపింది. గంధం పొడిపొడిగా అరచేతిలో రాలింది. మర కొట్టంతా ఒక్కసారి పూజగది వాసన వేసింది.

అప్పుడు చెవిలో పెట్టుకుని మీట నొక్కింది. వెంటనే "అమ్మో!" అని పీకేసి వాల్యూము సగానికి తగ్గించింది. ఊక బస్తాల మధ్య కూర్చున్న పేరిందేవి ఊపిరి కూడా వినిపిస్తోంది. మధ్యలో ఒక తుమ్ము, ఆ తుమ్ముకి తనే నవ్వుకోవడం, అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత పదో చరణం వచ్చింది.

*ఎన్నన్నా ఏమన్నా ఇది నవ్వులాటకే లే వదినమ్మా*
*మా ఇంటి నవ్వు నీ ఇంటికి మోసుకొచ్చాం, అందుకోవమ్మా*

ఝాన్సీ మర ముందున్న బారునంతా వదిలేసి, ఒక పిండి బస్తా మీద కూర్చుని ఏడుస్తూ నవ్వింది.

శుక్రవారం బంతి సాగింది. ఝాన్సీ గొంతెత్తింది. వడల చరణానికి పెళ్ళికొడుకు తల్లి చేతిలో వడ ఆగిపోయింది. మీసం చరణానికి మామగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టేశారు. సత్తిబాబు "అమ్మ గడుసుపిల్లా, ఇదా ఆ ఫోను రోగం!" అని విస్తరి మీద వంగిపోయాడు. పెళ్ళికొడుకు తల్లి మొహం మాత్రం కొంచెం బిగిసింది. కుసుమ తల దించుకుంది.

అప్పుడు ఝాన్సీ పదోది ఎత్తుకుంది. స్తంభం పక్కన పేరిందేవి పెదవులు కదుపుతోంది, చప్పుడు మాత్రం రానివ్వడం లేదు. "మా ఇంటి నవ్వు నీ ఇంటికి" అనగానే పెళ్ళికొడుకు తల్లి తలెత్తింది. లడ్డూ కోసం తనే చెయ్యి చాపింది. అందుకుని, సగం తుంచి కుసుమ నోట్లో పెట్టింది. పందిరంతా గొల్లున నవ్వింది.

ఆ తర్వాత నెల నిండింది, పేరిందేవి గొంతు తిరిగొచ్చింది. వచ్చీ రాగానే అన్న మొదటి మాట, "నా తుమ్ము కూడా నేర్చుకున్నావుటే?"

ఇంకా నిద్ర రాలేదా? ఆ గంధం ఎవరు పెట్టారంటావా?

ఇలా దగ్గరికి రా. నేనే పెట్టాను. ఇన్నేళ్ళూ ఒక్కళ్ళకీ చెప్పలేదు. మీ అమ్మ నన్ను మళ్ళీ అడగలేదు, నేనూ ఒప్పుకోలేదు. కానీ దానికి తెలుసే. తెలియకపోతే, ప్రతి దసరాకీ నేను గంధం గిన్నె ముట్టుకోకముందే, ఫోను వెనకాల చిన్న స్టిక్కరు బొట్టు అంటించుకుని వచ్చి, "అమ్మా, దీనికి అయిపోయింది, నువ్వు శ్రమపడకు," అని ఎందుకు చూపిస్తుంది? ఇవాళ పొద్దున్న నువ్వూ చూశావుగా!

నవ్వు, నవ్వు. మెల్లిగా నవ్వు, అది పక్కగదిలోనే ఉంది.

గంధమేమో గిన్నెకి,
జల్లెడేమో మరకి,
పాటేమో పందిటికి,
నవ్వేమో ఆ ఇంటికి,
కథేమో కంచికి,
కళ్ళేమో నిద్దరకి,
నువ్వూ నేనూ పక్కకి.