కూర్మారావు మాస్టారు కుదిర్చిన మేళం

నిరాలంబస్వామిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరికేది కాదు, పని దొరికేది. వైరాగ్యమంటే ఏమిటని అడిగిన ఒకాయన చేత నెల్లాళ్లపాటు ఆశ్రమం ఆవులకు గడ్డి కోయించారని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ సంగతి తెలిసి కూడా కూర్మారావు మాస్టారు ఒక సాయంత్రం ఆయాసపడుతూ కొండెక్కి వచ్చి, స్వామి ఎదుట చతికిలబడి, అడగనే అడిగారు.

"స్వామీ, ఓటేసేటప్పుడు మనిషిని చూడాలా, పార్టీని చూడాలా?"

మాస్టారికి ఇది వేదాంత చర్చ కాదు, ఇంటి పోరు. ఆయన వార్డులో కౌన్సిలర్ పదవికి సింహాద్రి అనే అతను నిలబడ్డాడు. ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. పరుల సొమ్ము పామనుకునే మనిషి, అర్ధరాత్రి తలుపు తట్టినా విసుక్కోని మనిషి. వార్డు పిల్లలకున్న ఒకే ఒక్క ఆటస్థలంలో తుప్పలు నరికి, రాళ్లేరి, దాన్ని మనుషులు తిరిగే చోటు చేసింది అతనే. అయితే అతనికి టిక్కెట్టిచ్చిన పార్టీ కన్ను సరిగ్గా ఆ ఆటస్థలం మీదే పడింది. అక్కడ షాపులు కట్టాలని పార్టీ పెద్దలు బాహాటంగానే అంటున్నారు.

"మనిషి బంగారం. ఇంక పార్టీతో మనకేం పని?" అని మాస్టారి వాదన.

"ఆ బంగారం ఎవరి పెట్టెలో ఉందో చూసుకోవద్దా?" అని ఆయన భార్య నరసమ్మగారి వాదన. వాదన మొదలైన నాటి నుంచి మాస్టారికి రెండోసారి కాఫీ అందడం లేదు.

స్వామి అంతా విని, గడ్డం నిమురుకుని, "ఏకాదశి నాడు మా గురువుగారి ఆరాధన. ఊరేగింపుకి మేళం నువ్వు కుదుర్చు నాయనా" అన్నారు.

చేసేదేముంది. మాస్టారు నాలుగు వీధులు వాకబు చేసి, క్లారినెట్ వాయించే జగ్గయ్య ఇంటికి వెళ్లారు. జగ్గయ్య అరుగు మీద కూర్చుని తోడిరాగం ఆలపిస్తుంటే మాస్టారి కళ్లు చెమర్చాయి. అప్పటికప్పుడే తాంబూలం అతని చేతిలో పెట్టేశారు.

జగ్గయ్య తాంబూలం కళ్లకద్దుకుని, "నానొక్కన్నే రాను బాబూ. బేండుసెట్టులో ఉన్నాను గదా, నానొస్తే సెట్టంతా వస్తాది. ఓపాలి ఆళ్లని కూడా ఇనండి" అన్నాడు.

"వాళ్లతో నాకెందుకయ్యా? నువ్వున్నావు, చాలు" అని మాస్టారు తేలికపడ్డ మనసుతో ఇంటికి వచ్చేశారు.

ఏకాదశి నాడు పొద్దున్నే కొండ కింద వీధిలో సెట్టు దిగింది. ఎర్రకోట్లు, బంగారురంగు అల్లికలు, తలల మీద కుచ్చుటోపీలు. వెనకవరసలో జగ్గయ్య వినయంగా నిలబడ్డాడు. పల్లకీలో గురువుగారి పటం పెట్టారు. కాషాయాలు కట్టిన పెద్దలు కళ్లు మూసుకుని చేతులు జోడించారు. బేండు మేస్త్రీ ఈల ఊదాడు.

తరువాత వినబడింది, పెళ్లి ఊరేగింపుల్లో కుర్రకారు చొక్కాలు విప్పి గాలిలో తిప్పుతూ గంతులు వేసే పాట.

మొదటి సందు తిరిగేసరికి ఎక్కడెక్కడి కుర్రాళ్లో వచ్చి పల్లకీ ముందు చేరారు. రెండో సందు తిరిగేసరికి, పాపం, బోయీల కాళ్లు కూడా వాళ్ల మాట వినడం మానేశాయి. జీవితమంతా నిశ్చలసమాధి గురించి బోధించిన గురువుగారి పటం పల్లకీలో కుడికీ ఎడమకీ ఊగిపోసాగింది. ఓ ముసలి సన్యాసి, ఆపడానికే వెళ్లాడో మరెందుకు వెళ్లాడో గానీ, గుంపులో కలిసి మళ్లీ కనబడలేదు.

మాస్టారు చెమటలు కక్కుతూ జనాన్ని తోసుకుని జగ్గయ్య దగ్గరకు చేరారు. "ఇదేమిటయ్యా? ఆ తోడి ఏదీ?"

జగ్గయ్య క్లారినెట్ పెదవుల నుంచి తీసి, "ఈల మేస్త్రీ సేతిలో ఉంది బాబూ. ఆయన ఏ పాటకి ఈలేస్తే నాను ఆ పాటే ఊదాల. నానొక్కన్నీ తోడి ఎత్తుకుంటే ఈ డప్పుల్లో అది ఎవలికి ఇనపడతాది?" అని నొచ్చుకుంటూ చెప్పి, మళ్లీ అందుకున్నాడు. ఆ వెర్రిపాటను కూడా ఎంతో చక్కగా ఊదాడు. మాస్టారికి అదే ఎక్కువ కడుపుమంట అయింది.

సాయంత్రం తల దించుకుని స్వామి ముందుకు వచ్చారు. "బుద్ధి వచ్చింది స్వామీ. మనిషితో పని లేదు. చూడాల్సింది సెట్టునే."

"జగ్గయ్య వాయిద్యంలో లోపమేమైనా ఉందా?"

"లేదు స్వామీ."

"నిన్ను మోసం చేశాడా?"

"అదీ లేదు. సెట్టును వినమని ముందే చెప్పాడు. నేనే వినలేదు."

"మరి సింహాద్రిని నువ్వు ఏమైనా అడిగావా?"

మాస్టారు ఆలోచించారు. కుశలం అడిగారు, పిల్లల చదువులు అడిగారు. ఇంకేమీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే ఆటస్థలానికి వెళ్లారు. సింహాద్రి అక్కడ పిల్లల కోసం వాలీబాల్ వల కడుతున్నాడు. మాస్టారిని చూసి పరుగున వచ్చి నమస్కారం పెట్టాడు.

"సింహాద్రీ, రేపు నువ్వు గెలుస్తావు. ఇక్కడ షాపులు కట్టాలని కౌన్సిల్లో తీర్మానం పెడతారు. చెయ్యెత్తమని మీ పార్టీ చెబుతుంది. అప్పుడేం చేస్తావు?"

సింహాద్రి నవ్వు ఆగిపోయింది. చేతిలోని తాడును చూశాడు, వల అవతల ఎదురుచూస్తున్న పిల్లలను చూశాడు. మాస్టారి ముందు అబద్ధమాడటం అతనికి చిన్నప్పటి నుంచీ చేతకాదు. మెల్లగా అన్నాడు.

"రేపటి దాకా టైమివ్వండి మాస్టారూ. మా పార్టీ పెద్దల్ని అడిగి చెబుతాను."

మాస్టారు అక్కడి నుంచి ఇంటికి వెళ్లలేదు. ఎండలోనే కొండెక్కి, జరిగింది జరిగినట్టు స్వామికి విన్నవించారు. స్వామి నవ్వుతారని అనుకున్నారు. స్వామి నవ్వలేదు.

"మంచివాడే నాయనా," అన్నారు. "ఉన్నమాట చెప్పాడు."